ఆరో నంబరు బిళ్ళ

ఫోనులో ఆమె గొంతు విన్నాక కాదనగలిగిన మనిషిని నేను మా ఊళ్ళో చూడలేదు. బతిమాలేది కాదు, గదమాయించేదీ కాదు. ముందు "తిన్నావా నాయనా" అనేది. మనం ఏదో ఒకటి చెప్పేలోగా "ఎంతసేపట్లో వస్తావు?" అనేది. వస్తావా అని ఎప్పుడూ అడగలేదు. వస్తావా అని అడిగితే కదా, రాను అనడానికి.

ఇరవై మూడేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిందామె. ఊరంతా హలో అత్తయ్య అని పిలుస్తారు. ఆ పేరు పెట్టింది ఎవరో గాని, పెట్టినవాడు ఆమె ఎదుట పిలిచి ఉండడు. పెళ్ళి చేసుకోలేదు. వినికిడి తగ్గిన అక్కతో రెండు గదుల ఇంట్లో ఉంటుంది. ఆ అక్క ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ ఒకే మాట అంటుంది: మా చెల్లెలు ఊళ్ళోవాళ్ళందరినీ తిన్నావా అని అడుగుతుంది, పక్క గదిలో ఉన్న నన్ను మాత్రం అడగదు, నాకు ఫోను లేదు కదా అని.

ఎక్స్ఛేంజి ఉన్న రోజుల్లో ఊళ్ళో ఎక్కడ నిప్పు అంటుకున్నా ముందు కబురు ఆమెకే వచ్చేది. వైర్లు అటూ ఇటూ గుచ్చి, అగ్నిమాపక దళంలో ఉన్న ఒక్కొక్కరి ఇంటికీ తనే కలిపేది. అది ఆమె పని కాదు. చెయ్యమని ఎవరూ అనలేదు, చెయ్యొద్దనీ అనలేదు. తర్వాత ఆటోమేటిక్ వచ్చి ఎక్స్ఛేంజి మూతపడ్డాక, దళం వాళ్ళే వెళ్ళి, మీరు లేకపోతే మమ్మల్ని లేపేవాళ్ళు ఎవరు అని అడిగారు. అప్పటినుంచి పదకొండేళ్ళుగా డ్యూటీ చార్టు రాసేది ఆమే, ఫోన్లు చేసేది ఆమే.

దళం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. నీళ్ళ ట్యాంకు పక్కన ఒక రేకుల షెడ్డు, నాకంటే వయసులో పెద్దదైన ఒక ఫైరింజన్, పంతొమ్మిదిమంది పేర్లు. ఒక్కరికీ జీతం లేదు. ఇల్లు తగలబడుతున్నప్పుడు ఊరికి మేం దేవుళ్ళం, మర్నాటికి పనీపాటా లేనివాళ్ళం. ఈ రెండు మాటలూ ఒకే నోటినుంచి ఒకే వారంలో విన్నాను. అయినా దళంలో ఎందుకున్నావని నన్నడిగితే, ఆమె ఫోను చేసింది కాబట్టి అని చెప్పాలి. అంతకంటే గొప్ప కారణం నా దగ్గర లేదు. ప్రెస్సులో నాకు రాత్రి పని. పగలు ఊళ్ళోనే నిద్రపోతూ దొరుకుతాను.

పగలు దొరకడమే అసలు సమస్య. రాత్రయితే పంతొమ్మిదిమందిలో పదిమందైనా వస్తారు. తెల్లారేసరికి సగం ఊరు బస్సులెక్కి పనులకు పోతుంది. మిగిలేది ఏడుగురు. వాళ్ళలో ఇద్దరికి అరవై దాటాయి, ఒకడికి ఆయాసం. కాగితం మీద మాత్రం పంతొమ్మిదిమందీ ఉంటారు.

ఆ ఏడాది మొదట్లో జిల్లా కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. కబురు అందిన ఎనిమిది నిమిషాల్లో నలుగురితో బండి కదలాలి. ఏడాదిలో పదిసార్లు తప్పితే స్టేషన్ మూసేసి, ఊరిని అవతలి పట్నంలోని పెద్ద స్టేషన్ కిందికి వేస్తారు. అక్కడినుంచి మాకు ఇరవై నాలుగు నిమిషాలు, అదీ రైలు గేటు తెరిచి ఉంటే. గేటు పడితే నలభై కూడా కావచ్చు. మంచం మీదనుంచి లేవలేని ముసలాయన్ని అంతకు ముందటేడు మంచంతో సహా బయటికి మోసుకొచ్చాం. మేం చేరడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఆ ఇంటి పైకప్పు తొమ్మిదో నిమిషంలో కూలింది. ఆ లెక్క ఆమె మర్చిపోలేదు. ఉత్తరాన్ని మడిచి డ్యూటీ చార్టు వెనక పెట్టి, తప్పిన ప్రతిసారీ దాని మీద ఒక గీత గీసేది. ఏడో నెలకి తొమ్మిది గీతలయ్యాయి.

ఇక బిళ్ళల సంగతి చెప్పాలి. మాలో ప్రతివాడికీ నంబరు కొట్టిన ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది. షెడ్డు గోడకున్న మేకులకు వేలాడుతుంటాయి. బండెక్కేవాడు తన బిళ్ళ తీసి, బండిలో ఉండే చిన్న బోర్డుకి తగిలించాలి. బోర్డు మీద ఎన్ని బిళ్ళలుంటే అంతమంది మంటల దగ్గర ఉన్నట్టు. పని అయ్యాక ఎవడి బిళ్ళ వాడే తీసుకోవాలి. తీయని బిళ్ళ మిగిలిందంటే మనిషి ఇంకా లోపలున్నాడని అర్థం. ప్రపంచంలో ఎక్కడైనా ఇంతేనని పుస్తకాల్లో చదివాను.

మా దగ్గర ఇంకొకటి కలిసింది. పని చోటునుంచి వచ్చేవాళ్ళు షెడ్డుకి రాకుండా నేరుగా మంటల దగ్గరికే వస్తామనేవాళ్ళు. అది సబబే, దారి కలిసొస్తుంది. అలాంటివాళ్ళ బిళ్ళలు వాళ్ళ తరఫున హలో అత్తయ్యే తగిలించేది. మాట ఇచ్చినవాడు సగం వచ్చినట్టేననేది. మొదట్లో ఆ సగం నిజంగానే పూర్తయ్యేది, బండి వెళ్ళేసరికి మనిషి అక్కడ నిలబడి ఉండేవాడు. రానురాను మనిషి పావుగంట ఆలస్యంగా, అరగంట ఆలస్యంగా వచ్చేవాడు. ఒక్కోసారి మంటలు ఆరి మేం గొట్టాలు చుట్టుకుంటుంటే వచ్చి, అయిపోయిందా అని నొచ్చుకునేవాడు. బిళ్ళ మాత్రం ఎనిమిది నిమిషాల లోపే బోర్డు మీద ఉండేది. ఇందులో తప్పుందని మాకెవరికీ తట్టలేదనను. తట్టింది. తట్టినప్పుడల్లా ఆ తొమ్మిది గీతలు గుర్తొచ్చేవి.

ఆ నెలలోనే ఒక సోమవారం మధ్యాహ్నం రెండు నలభైకి సైరను మోగింది. పరుపుల గోడౌను.

నేను చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తేసరికి డ్రైవరు బాబాయి బండి స్టార్టు చేసి ఉన్నాడు. లారీలు నడిపి రిటైరైన మనిషి, షెడ్డు ఎదురింట్లోనే ఉంటాడు. మందుల షాపాయన షట్టరు సగం దించి, లోపల ఇద్దరు కొనేవాళ్ళను నిలబెట్టి వచ్చాడు. ముగ్గురం. ఆరు నిమిషాలు గడిచాయి. హలో అత్తయ్య గోడ ఫోను దగ్గర నిలబడి వరసగా నంబర్లు తిప్పుతోంది. పుస్తకం చూసే అలవాటు ఆమెకు లేదు, ఊళ్ళో నంబర్లన్నీ నోటికొచ్చు. ఆయాసం మనిషి ఊళ్ళో లేడు. ఇంకొకడు ఎత్తలేదు.

చివరికి మేనల్లుడికి చేసింది. తమ్ముడి కొడుకు. బస్సులు బాగుచేసే గ్యారేజీలో మెకానిక్కు, దళంలో ఆరో నంబరు. ఇటువైపు మాటలే మాకు వినిపించాయి. తిన్నావా అని కూడా అడగలేదు.

"ఎంతసేపట్లో వస్తావురా? సరే. షెడ్డుకి రావద్దు, నేరుగా రా. వెనక గేటు నీకు దగ్గర."

ఫోను పెట్టేసి ఆరో నంబరు బిళ్ళ మేకు మీదనుంచి తీసింది. డ్రైవరు బాబాయి ఆమె వైపు చూశాడు. ఆమె బోర్డుకి తగిలించింది. బాబాయి వైర్‌లెస్ అందుకుని పట్నం స్టేషనుకి, నలుగురం, బయల్దేరుతున్నాం, మీరూ రండి అని చెప్పాడు. ఏడు నిమిషాల నలభై సెకన్లు.

ఆమె కూడా బండెక్కింది. అరవై ఒక్కేళ్ళు, శిక్షణ లేదు కాబట్టి నలుగురిలోకి రాదు. కాని బోర్డు పట్టుకునే మనిషి కావాలి కదా.

గోడౌను ముందు షట్టరు ఎత్తి ఉంది. లోపలినుంచి పొగ నల్లగా, చిక్కగా వస్తోంది. పనివాళ్ళందరూ బయటికొచ్చేశారని యజమాని ఒట్టేసి చెప్పాడు. లోపల మనిషి లేకపోతే బయటినుంచే నీళ్ళు కొట్టి ఊరుకునేవాళ్ళం. కాని పక్క గోడకు ఆనుకుని నూనె మిల్లుంది. ఆ గోడ వేడెక్కకుండా లోపలినుంచి తడపాలి. నేనూ మందుల షాపాయనా మాస్కులు తగిలించుకున్నాం. ముప్పై ఏళ్ళనుంచి నిద్రమాత్రలు అమ్ముతున్నాను గాని పరుపుల్ని చూసి భయపడటం ఇదే మొదలని ఆయన అన్నాడు. బాబాయి పంపు దగ్గర ఉండిపోయాడు. గొట్టం భుజాన వేసుకుని లోపలికి వంగాం.

మూడు గజాలు వెళితే మన చెయ్యి మనకు కనపడదు. గోడ తడుముకుంటూ, పరుపుల దొంతర్ల మధ్య సందులో పాక్కుంటూ వెళ్ళాం. నీళ్ళు నిండిన గొట్టం ఎంత బరువుంటుందో ఎత్తినవాడికే తెలుసు. ఇద్దరం లాగితే మూలమలుపులో ఇరుక్కోవాలి. ఆ రోజు ఇరుక్కోలేదు. వెనకనుంచి ఎవరో అందిస్తున్నట్టు తేలిగ్గా వచ్చింది. మేనల్లుడు వచ్చేశాడు, అన్న మాట నిలబెట్టుకున్నాడు అనుకున్నాను. ఆ పొగలో నాకు ధైర్యం కూడా వచ్చింది.

రైలు గేటు తెరిచి ఉండబట్టి పట్నం బండి ఇరవై రెండు నిమిషాల్లోనే వచ్చింది. పెద్ద అధికారి ఎవరొస్తే బోర్డు వాళ్ళ చేతికివ్వాలి. ఆయన దిగుతూనే హలో అత్తయ్య చేతిలోంచి అందుకుని చూశాడు. నాలుగు బిళ్ళలు. పంపు దగ్గర ఒకడు కనిపిస్తున్నాడు. ముగ్గురు లోపల, అంతేనా అని అడిగాడు. ఆ సంగతి ఆమే నాకు తర్వాత చెప్పింది. ఆ ఒక్క క్షణంలో చెప్పాల్సింది అంది. ఇద్దరే, మూడోవాడు దారిలో ఉన్నాడు అంటే సరిపోయేది. కాని అలా అంటే పదో గీత పడేది. ఇంకో నిమిషంలో వచ్చేస్తాడులే అనుకుని తలూపింది.

పైన రేకులు పటపటమనడం మొదలైంది. ఇనప దూలాలు వేడికి వంగుతుంటే రేకులు అలా చప్పుడు చేస్తాయి. అధికారి విజిల్ మూడుసార్లు ఊదాడు. అందరూ బయటికి రావాలని. మేమిద్దరం గొట్టం వదిలేసి, దాని వెంటే తడుముకుంటూ బయటపడ్డాం. మందుల షాపాయన మాస్కు పీకి పక్కకు తిరిగి కక్కుకున్నాడు. అధికారి మా ఇద్దరి బిళ్ళలూ తీసి, బాబాయి బిళ్ళను పక్కకు జరిపాడు. బోర్డు మీద ఒకటి మిగిలింది.

"ఆరు ఏడి?" అని నన్నడిగాడు.

చూడలేదని చెప్పి ఊరుకోవాల్సింది. పొగ తలకెక్కినవాడి నోటికి అడ్డూ ఆపూ ఉండవు. "వెనకాల ఉన్నట్టే ఉందండీ, గొట్టం అందించాడు" అన్నాను.

ఆయన ఇంకేమీ అడగలేదు. చెయ్యి ఎత్తి రెండు వేళ్ళు చూపించాడు. పట్నం వాళ్ళు ఇద్దరు మాస్కులు బిగించుకుని, నడుముకు తాడు కట్టుకుని మేం వచ్చిన ద్వారంలోంచే లోపలికి పోయారు.

హలో అత్తయ్య అధికారి దగ్గరికి వెళ్ళింది.

"అయ్యా, ఆరో నంబరు వచ్చాడో లేదో నాకు తెలీదు."

ఆయన ఆమె వైపు తిరగకుండానే, "బిళ్ళుంది కదా" అన్నాడు.

"నేను తగిలించాను. వస్తానన్నాడు."

అప్పుడు తిరిగాడు. "వస్తానంటే లోపలున్నట్టా?"

"నేరుగా వెనక గేటునుంచి రమ్మన్నాను. వచ్చి, నాతో చెప్పకుండా లోపలికి పోయుంటే నాకు కనపడదు. పోయిన నెల కోత మిల్లులో అలాగే చెప్పకుండా లోపలికి దూరాడు. నా మేనల్లుడే."

"ఇప్పుడు ఉన్నాడంటారా, లేడంటారా?"

ఆమె ఇరవై మూడేళ్ళు ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో, ఎవరు ఊరెళ్ళారో వేళ్ళ మీద చెప్పిన మనిషి. లేడంటే, వీళ్ళు వెనక్కి వస్తారు. ఒకవేళ ఉంటే, తమ్ముడి కొడుకుని తన నోటితోనే లోపల వదిలేసినట్టు. తెలీదంటే, ముక్కూ మొహం ఎరగని ఇద్దరు ఆ రేకుల కింద పాకుతూనే ఉంటారు.

"తెలీదు" అంది.

"తెలీదంటే ఉన్నట్టే. నా లెక్క అంతే" అని ఆయన తాడు పట్టుకున్నవాడి వైపు వెళ్ళిపోయాడు. ఆయన తప్పేమీ లేదు. నేనైనా అలాగే అనాలి.

ఆమె సెల్‌ఫోను తీసి మేనల్లుడికి చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. మాస్కు వేసుకున్నవాడు ఎత్తలేడు. చేతులు గ్రీజులో ఉన్నవాడూ ఎత్తలేడు. నా వైపు చూసి, వెనక గేటు దగ్గర వాడి స్కూటరుందేమో చూసి రమ్మంది.

గోడౌను చుట్టూ తిరిగి పరుగెత్తాను. వెనక గేటు బార్లా తెరిచి ఉంది. పక్కన నీలం రంగు స్కూటరు, హ్యాండిల్‌కి చుట్టిన మసిగుడ్డ. మేనల్లుడి స్కూటరూ నీలమే. ఊళ్ళో సగం స్కూటర్లు నీలమే. ఇప్పుడే వచ్చిందో లేదో తెలుసుకుందామని సైలెన్సరు మీద చెయ్యి పెట్టాను. కాలింది. పక్కనున్న ఇనప గేటు మీద పెట్టాను. అదీ కాలింది. ఆ మంట పక్కన చల్లగా ఉన్న వస్తువే లేదు.

తిరిగొచ్చి, నీలం స్కూటరుందని చెప్పాను. నంబరెంత అని అడిగింది. నేను చూడలేదు. చూసినా ఆమెకు తెలీదు. ఊరందరి ఫోను నంబర్లు తెలిసిన మనిషికి మేనల్లుడి బండి నంబరు తెలీదు.

రేకు ఒకటి లోపల ఎక్కడో ఊడిపడింది. తాడు పట్టుకున్నవాడు ఒకసారి గుంజి చూశాడు. అటునుంచి ఒకసారి గుంజారు. బాగానే ఉన్నామని. వెతుకుతున్నారు.

ఆమె గ్యారేజీ కౌంటరు నంబరు కలిపింది. స్పీకరు నొక్కింది. యజమాని ఎత్తాడు. ఫలానా కుర్రాణ్ణి పిలవమంటే, పని వేళలో ఫోన్లివ్వమమ్మా, సాయంత్రం చెయ్యండి అన్నాడు. అలాంటి మాటకు మామూలుగా ఆమె దగ్గర పది జవాబులుంటాయి.

"ఇవ్వొద్దయ్యా. ఉన్నాడా లేడా, అంతే చెప్పండి."

"బస్సు కింద పడుకుని పని చేస్తున్నాడు."

"మీకు కనిపిస్తున్నాడా?"

"కాళ్ళు కనిపిస్తున్నాయి."

"అవి వాడి కాళ్ళేనా?"

యజమాని అవతల నవ్వాడు. "ఏమ్మా, కాళ్ళకి పేర్లు రాసుంటాయా?"

"ఒక్కసారి పిలవండి. పలికితే చాలు. ఇక్కడ ఇద్దరు మనుషులు వాడికోసం మంటల్లో ఉన్నారు."

ఆ యజమాని నవ్వు ఆగిపోయింది. ఒరేయ్ అని కేక వినిపించింది. ఇంకోసారి ఒరేయ్. ఎక్కడో సుత్తి చప్పుడు ఆగింది. ఆ తర్వాత, చాలా దూరంనుంచి, "ఆఁ, ఏంటండీ?" అన్న గొంతు.

ఆమె ఫోను అధికారి చెవి దగ్గర పెట్టింది. "వాడే. లోపల ఎవరూ లేరు. పిలవండి, మీవాళ్ళని పిలవండి."

ఆయన విజిల్ ఊదుతూనే తాడు మూడుసార్లు గుంజాడు. నేనూ వెళ్ళి తాడు పట్టుకున్నాను. ముందువాడు ద్వారంలోంచి మోకాళ్ళ మీద బయటికొచ్చాడు. రెండోవాడు నాలుగు గజాల వెనకున్నాడు. అప్పుడు మధ్యలో రేకులు ఒక్కసారిగా దిగాయి. తాడు నా చేతుల్లో బిగుసుకుపోయింది. ఐదుగురం లాగాం. మనిషి బయటికొచ్చాడు, కాని కుడి భుజం ఉండాల్సిన చోట లేదు.

గొట్టం అందించింది ఎవరో సాయంత్రం తెలిసింది. గోడౌనులో మూటలు మోసే కూలీ. మేం లాగలేకపోతున్నామని ద్వారం లోపల పొగలో నిలబడి, పొగ భరించగలిగినంతసేపు గొట్టం లోపలికి తోసి, తర్వాత ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ స్కూటరు వాచ్‌మన్‌ది.

మేనల్లుడు ఆ రాత్రే అత్తయ్య ఇంటికొచ్చాడు. అడుగు బయటపెడితే రేపటినుంచి రానక్కర్లేదని యజమాని అన్నాడట. పది నిమిషాల్లో వస్తానని ఫోనులో చెప్పి, మళ్ళీ బస్సు కిందికి దూరాడు.

"నీకు రానని ఎలా చెప్పను అత్తయ్యా?" అన్నాడు.

వినపడని అక్క లోపలినుంచి వచ్చి, వాడు తిన్నాడా అని అడిగింది.

మూడోరోజు ఆమె పట్నం ఆసుపత్రికి వెళ్ళింది. తోడు నేనూ వెళ్ళాను. భుజం విరిగినవాడికి ముప్పై దాటవు. కట్టుతో ఎత్తుగా పడుకుని ఉన్నాడు. ఎవరో చెప్పారు కాబోలు, ఆమెను చూడగానే గుర్తుపట్టాడు. ఆమె తప్పంతా చెప్పుకుంది, ఏదీ దాచలేదు. అతను విన్నాడు. తిడితే బాగుండునని నాకనిపించింది. చివరికి ఒకటే అడిగాడు.

"ఆరో నంబరు మనిషి ఎలా ఉంటాడమ్మా? పొట్టా, పొడుగా? చీకట్లో ఏది చేతికి తగిలినా అతనే అనుకున్నా."

"సన్నగా ఉంటాడు నాయనా" అంది ఆమె.

విచారణ వచ్చే సోమవారమన్నారు. ఆదివారం షెడ్డులో డ్రైవరు బాబాయి ఒక ఉపాయం చెప్పాడు. ఆరో నంబరు వచ్చాడని చెబుదాం. వచ్చి, పంపుకి పైపు కావాలంటే నేనే మళ్ళీ గ్యారేజీకి పంపాను. అప్పుడు నలుగురం బయల్దేరినట్టే, తప్పు లేదు, పదో గీత లేదు. గ్యారేజీ యజమానికి కూడా చెప్పి ఉంచాడట. మందుల షాపాయన నేల చూస్తూ, పోతే పోనీ, స్టేషనైనా మిగులుతుంది అన్నాడు. నేను కాదనలేదు. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఆ అబద్ధం నాకు నచ్చింది. స్టేషన్ పోతే ఈ ఊరికి మేం కూడా మిగలం.

హలో అత్తయ్య అంతా విని, "ఆ బిళ్ళ మళ్ళీ తగిలిస్తారా?" అంది.

డ్రైవరు బాబాయి లేచి బండి తుడవడానికి పోయాడు.

విచారణలో ఆమె మాకోసం చూడకుండా తనే ముందు చెప్పింది. ఆ సోమవారం సంగతి మాత్రమే కాదు. అంతకు ముందు ఎన్నిసార్లు ఎవరి బిళ్ళ ముందుగా తగిలించిందో, ఎవరు ఎంత ఆలస్యంగా వచ్చారో, ఎవరు అసలు రాలేదో, అన్నీ కాగితం చూడకుండా నోటికే చెప్పింది. జ్ఞాపకం మంచిదైతే మనిషికి ఎంత నష్టమో అప్పుడు చూశాను. రాసుకుంటున్న గుమాస్తా రెండుసార్లు ఆగమన్నాడు. గీతలు తొమ్మిది కాదు, ఇరవై ఎనిమిదని తేలింది.

పగటిపూట స్టేషన్ మూసేశారు. రాత్రికి మాత్రం ఉంచారు. పగలు నిప్పంటుకుంటే పట్నం బండి వస్తుంది. ఊళ్ళో ఎవరికి ఏం అర్థమైందో గాని, ముసలిది స్టేషన్ ముంచేసిందన్నారు. అన్నవాళ్ళలో, ఎన్నిసార్లు పిలిచినా దళంలో చేరనివాళ్ళే ఎక్కువ. వాళ్ళ పేర్లు రాయగలను. రాసి ఏం లాభం?

నేననుకున్నాను, ఇక ఆమె ఇంట్లో కూర్చుంటుందని. రెండువారాలు కూర్చుంది. తర్వాత ఒకరోజు పొద్దున్నే నాకు ఫోను చేసింది. తిన్నావా అనలేదు.

"నువ్వు ఏ రోజు, ఏ గంటలో రాలేవో చెప్పు. వచ్చే గంటలు వద్దు."

నేను తడబడ్డాను. రాత్రి పని, పొద్దున్న నిద్ర అన్నాను. అది కాదు, ఎప్పుడు లేవలేవో చెప్పు అంది. మా అమ్మను వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్ళాలని, ఆ గంటల్లో ఎన్నిసార్లు పిలిచినా అమ్మను క్యూలో వదిలేసి వచ్చానని అప్పుడు చెప్పాను. నాలుగేళ్ళలో మొదటిసారి. ఆమె రాసుకుంది. సరే అని పెట్టేసింది.

పంతొమ్మిదిమందికీ అలాగే చేసింది. ఒక్కొక్కరు ముందు నసిగారట, పర్లేదు అత్తయ్యా, ఎలాగోలా వస్తాం అన్నారట. ఎలాగోలా అనే గంట గడియారంలో లేదు, రానని చెప్పు అని పట్టుబట్టింది. మేనల్లుడు శుక్రవారం సెలవు తప్ప మిగతా పగళ్ళు ఏ ఒక్కటీ కుదరదని చెప్పి ఏడ్చాడట. వాడు చెప్పగలిగినందుకు ఆమె సంతోషించింది. ఆయాసం మనిషి తన పేరే తీసెయ్యమన్నాడు. తీసేసింది.

అంతా అయ్యాక కాగితం మీద వారంలోని పగళ్ళన్నిటికీ గీసిన గళ్ళలో మంగళవారం మధ్యాహ్నం నిండింది, శుక్రవారం పగలంతా నిండింది. మిగతావన్నీ ఖాళీ. ఆ ఖాళీలు అలాగే ఉంచి జిల్లా కార్యాలయానికి తీసుకెళ్ళింది. ఇన్ని ఖాళీలతో చార్టు ఎవరైనా ఇస్తారా అని అక్కడివాళ్ళు నవ్వారట. నిండినవి నిజం, అందుకే ఖాళీలున్నాయి అందట. నెల తర్వాత ఆ రెండు పూటలకూ అనుమతి వచ్చింది. మిగతా పగళ్ళకు జీతమిచ్చి ఇద్దరిని వెయ్యమని ఆమె పెట్టిన అర్జీ మీద మాత్రం పరిశీలిస్తామన్నారు. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు.

మొన్న బుధవారం పదకొండు గంటలకు నేను షెడ్డులో ఉన్నాను, గొట్టాలు ఆరబెడుతూ. ఆమె చార్టు తిరగరాస్తోంది. పొగ ముందు నాకే కనిపించింది, చెరువు వీధి వైపు. ఫోను మోగింది. ఆమె ఎత్తి, ఇంట్లో ఎవరున్నారో అడిగి, అందరినీ బయటికి రమ్మని, తలుపులు మూసెయ్యమని చెప్పి, పట్నానికి కబురిచ్చింది. ఆ తర్వాత ఫోను పెట్టేసి దాని ముందు కూర్చుంది.

బుధవారం గడి ఖాళీ, బండి తీసే అనుమతీ లేదు. నేనొక్కణ్ణే ఉన్నాను. డ్రైవరు బాబాయి ఎదురింటి అరుగు మీదినుంచి లేచి నిలబడి, మా వైపే చూస్తున్నాడు. మందుల షాపు ఇక్కడికి రెండు నిమిషాలు. ఆమె ఒక్క ఫోను చేస్తే ఆయన వస్తాడు. గ్యారేజీకి చేస్తే, మేనల్లుడు ఉద్యోగం వదిలేసైనా వస్తాడు. ఆ రోజు తర్వాత వాడు తప్పకుండా వస్తాడు. అది ఆమెకు నాకంటే బాగా తెలుసు. చెయ్యి ఫోను మీదే ఉంది. వేళ్ళు కదలడం చూశాను, ఏ నంబరో కూడా గుర్తుపట్టాను.

"అత్తయ్యా" అన్నాను.

"గడియారం చూడు" అంది.

చూస్తూ నిలబడ్డాను. పన్నెండో నిమిషంలో రైలు కూత వినిపించింది. గేటు పడింది. పొగ తెల్లగా ఉన్నది నల్లబడింది. వీధిలో జనం బిందెలతో పరుగెత్తుతున్నారు. ఒకడు షెడ్డు ముందు ఆగి, బండి ఇక్కడే ఉండగా కూర్చున్నారేంటి, మనుషులు కారా అని అరిచాడు. నేను మూలనున్న బకెట్లు తీసుకుని వాడి వెంట వెళ్ళబోతే ఆమె ఆపలేదు, వెళ్ళు, లోపలికి మాత్రం పోకు అంది. రెండు వీధులు పరుగెత్తి, ఉన్న నీళ్ళు గోడ మీద పోశాను. ఆ ఇంటి ఆడమనిషి పిల్లల్ని పట్టుకుని రోడ్డు మీద ఉంది. వంటగదీ, దాని వెనక గదీ అప్పటికే పోయాయి. పట్నం బండి వచ్చి మిగతాది ఆపింది.

నేను మసితో షెడ్డుకి తిరిగొచ్చేసరికి ఆమె ఇన్లాండ్ కవరు మీద జిల్లా కార్యాలయం అడ్రసు రాస్తోంది. లోపల తన పాత అర్జీ తేదీ వేసి, దాని కింద ఒకే వాక్యం రాసింది. బుధవారం, చెరువు వీధి, ఒక కుటుంబం, ముప్పై ఏడు నిమిషాలు.

"పోస్టు ఎత్తడానికి ఇంకా ఎంత టైముంది?" అని అడిగింది.

పావుగంట ఉందన్నాను. కవరు నా చేతికిచ్చింది.